ఈ ఐడీ మంచిదేనా అత్తా?

గత డిసెంబరులో ఒక ఆదివారం మా అన్నయ్య కొడుకు విజయవాడ నుంచి గుంటూరు వచ్చాడు. వాళ్లుండేది పటమటలో. ఎప్పుడు వచ్చినా ముందు ఫోన్ చేసి, బెంజి సర్కిల్ దగ్గర బస్సెక్కాక ఇంకోసారి చేసేవాడు, ఆ రోజు మాత్రం చెప్పకుండా వచ్చాడు. అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన కునుకు తీయడానికి లోపలికి వెళ్లేదాకా ఆగి, ఫోన్‌లో క్రికెట్ బెట్టింగు యాప్ తెరిచి నా ముందు పెట్టాడు.

"అత్తా, నువ్వు రోజూ ఎన్నో కంపెనీల కాగితాలు చూస్తావు కదా. ఈ ఐడీ మంచిదేనా, కాదా, చూసి చెప్పు. నావి 38 వేలు ఆపేశారు. ఇంకో 7,600 ట్యాక్స్ కడితే మొత్తం వదిలేస్తామంటున్నారు. కట్టేయమంటావా?"

నేను బ్రాడీపేటలో 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మిర్చి యార్డులో కొన్ని కమీషన్ కొట్లకి, ఒక కోల్డ్ స్టోరేజీకి జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నా దగ్గరే తయారవుతాయి. కొత్త వ్యాపారితో లావాదేవీ పెట్టుకునే ముందు కొట్టు యజమానులు అతని కాగితాలు నాకు చూపిస్తారు. వాడు ఆ నమ్మకంతోనే వచ్చాడు. కాబట్టి తిట్టకూడదనుకున్నాను. అడిగింది లెక్కల ప్రశ్న, లెక్కల మనిషిగానే జవాబు చెప్పాలనుకున్నాను. "7,600 కట్టొద్దు. ఆ ఒక్కటీ ఇప్పుడే చెబుతున్నా. మిగతాది చూడటానికి నాకు టైమ్ ఇవ్వు" అన్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

ముందు ఇది ఎక్కడ మొదలైందో చెప్పాలి. వాడు మూడేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేశాడు. అక్కడ క్రికెట్ ఫాంటసీ యాప్‌లు ఆడేవాడు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు. నడిపేవాళ్లతో పాటు ఆడేవాళ్లకీ శిక్ష ఉంది. అందుకే పేరున్న ఫాంటసీ యాప్‌లు ఆంధ్రాలో ఉన్నవాళ్లని డబ్బు పోటీల్లోకి రానిచ్చేవి కావు. బెంగళూరులో ఉండబట్టి వాడు ఆడగలిగాడు. ఒకసారి రిటర్ను వేస్తున్నప్పుడు వాడి ఏఐఎస్‌లో, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ చూపించే వాడి ఆదాయాల పట్టీలో, ఆన్‌లైన్ గేమ్ గెలుపు మీద ముందే కోసిన పన్ను, టీడీఎస్, కనబడింది. అడిగితే "సరదాగా అత్తా" అన్నాడు. నేను ఆ అంకెని సరైన కాలమ్‌లో వేసి ఊరుకున్నాను. ఆ రోజు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, దాన్ని నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసినా, బ్యాంకులు డబ్బు మళ్లించినా శిక్ష ఉంది. ఆ వారంలోనే పెద్ద పెద్ద ఫాంటసీ కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి. మావాడు అక్టోబరులో ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం చూసుకుని విజయవాడ వచ్చేశాడు. చట్టం పుణ్యమా అని ఆ అలవాటు కూడా పోయి ఉంటుందని మా వదిన సంబరపడింది.

అదిగో, అప్పుడు ఎవరో స్నేహితుడు వాట్సాప్‌లో ఒక నంబరు ఇచ్చాడు. ఆ నంబరుకి 'హాయ్' అని పెడితే అవతలి మనిషి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపుతాడు. దాన్నే ఐడీ అంటారు. డబ్బు పంపితే అందులో పాయింట్లు వేస్తారు. ఒక పాయింటు ఒక రూపాయి. యాప్ ప్లే స్టోర్‌లో ఉండదు, లింకు పంపుతారు. ఆ సైటు పేరు చివర ఒక అంకె ఉంటుంది. ప్రభుత్వం ఒకదాన్ని బ్లాక్ చేస్తే అంకె మార్చి ఇంకోటి తెరుస్తారు. మావాడి దగ్గర ఆ సైటువే మూడు అంకెల లింకులున్నాయి.

యార్డులో కొత్త పార్టీ వస్తే నేను మొదట చూసేది లైసెన్సు. ఇక్కడా అదే చూశాను. సైటు అడుగున చిన్న అక్షరాల్లో కురసావ్ లైసెన్సు అని, ఒక నంబరు, ఒక ముద్ర. కురసావ్ అంటే కరీబియన్ సముద్రంలో వెనెజువెలాకి దగ్గరగా ఉండే చిన్న దీవి, నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం. చాలాకాలం అక్కడ నలుగురి చేతుల్లో అసలు లైసెన్సులుండేవి, వాటి కింద ఎన్నో కంపెనీలు ఉప లైసెన్సులు తీసుకునేవి. 2024 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చి ఆ పద్ధతి మార్చారు. అసలైన ముద్రని నొక్కితే లైసెన్సు ఇచ్చిన సంస్థ పేజీ తెరుచుకుని, కంపెనీ పేరు, అది చెల్లుతుందా లేదా అన్నది చూపించాలి. ఇక్కడ ఎంత నొక్కినా ఏమీ తెరుచుకోలేదు. అది ముద్ర కాదు, ముద్ర బొమ్మ.

బొమ్మ కాకుండా నిజమైన ముద్రే అయినా మనకి ఒరిగేదేమీ లేదు. కురసావ్‌లో ఇచ్చిన కాగితం ఇండియాలో వ్యాపారం చేయడానికి అనుమతి కాదు. నియమాల పేజీ ఇంగ్లీషులో చాలా పొడుగ్గా ఉంది. వాడు ఒక్క లైను చదవలేదు, నేను మొత్తం చదివాను. అందులో రెండు వాక్యాలు చాలు. ఒకటి, కంపెనీ తన ఇష్టప్రకారం ఏ ఖాతానైనా, ఏ కారణమూ చెప్పకుండా ఆపేయవచ్చు. రెండోది, తగాదా ఏదైనా వస్తే ఆ దీవి చట్టాల ప్రకారమే తేలాలి. పటమటలో ఉన్న కుర్రాడు 38 వేల కోసం కరీబియన్ సముద్రం దాకా వెళ్లి ఎవరి మీద కేసు వేస్తాడు?

ఇక డబ్బు దారి. నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వాడి బ్యాంకు స్టేట్‌మెంట్ పదకొండు వారాలది తీసుకుని ఎక్సెల్‌లో వేశాను. తేదీ, టైము, ఎవరి పేరుకి వెళ్లింది, ఎంత. వెళ్లినవి 214 సార్లు. చూస్తే 63 రకాల పేర్లు. ఒకటి ఎవరో మహిళ పేరు, ఒకటి టీ స్టాల్, ఒకటి మొబైల్ రీచార్జి షాపు, ఏవో ఎంటర్‌ప్రైజెస్, ఏవో ట్రేడర్స్. "ఇవన్నీ ఏమిట్రా?" అంటే "అన్నీ ఆ ఒక్క యాప్‌కే అత్తా" అన్నాడు. డబ్బు వేసిన ప్రతిసారీ తెర మీద కొత్త క్యూఆర్ కోడ్ వస్తుంది, పది నిమిషాల్లో కట్టాలి, తర్వాత అది పనిచేయదు. ఏ కంపెనీ దగ్గర పాయింట్లు కొంటున్నాడో ఆ కంపెనీ పేరు స్టేట్‌మెంట్‌లో ఒక్కచోట కూడా లేదు.

లెక్కలు రాసేవాళ్లకి ఇది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మేం చిట్టాలో ప్రతి రూపాయికీ ఎదురుగా ఒక పేరు రాస్తాం, ఆ పేరుకి ఆవర్జాలో ఒక ఖాతా ఉంటుంది. పేరొకటి, మనిషి ఒకడు అయితే ఆ లెక్క అక్కడే చచ్చిపోయినట్టు. ఆ 63 పేర్లూ అద్దె ఖాతాలు. వీటినే మ్యూల్ అకౌంట్లు అంటారు. నెలకి ఇంతని ఆశ చూపించి విద్యార్థుల దగ్గర, కూలీల దగ్గర, చిన్న కొట్లవాళ్ల దగ్గర బ్యాంకు ఖాతా, సిమ్ తీసుకుంటారు. బెట్టింగు డబ్బూ, ఆన్‌లైన్ మోసాల్లో దోచిన డబ్బూ ఒకే ఖాతాల్లో కలిసి తిరుగుతుంది.

దీనివల్ల మనకొచ్చే ప్రమాదం ఏమిటో చాలామందికి తెలియదు. మనం గెలిచి డబ్బు తీసుకున్నామనుకోండి, అది కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. అదే ఖాతాలో ఎక్కడో ఒక ముసలాయన పోగొట్టుకున్న డబ్బు పడి ఉంటుంది. ఆయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాడు. పోలీసులు ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లిందో గొలుసు పట్టుకుని వస్తారు. ఆ గొలుసులో మన ఖాతా కూడా ఉంటే మన డబ్బు ఆపేస్తారు, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆపేస్తారు. గెలిచినా ప్రమాదం తప్పదు. నిజానికి ఇది గెలిచినవాడికే వస్తుంది.

ఇదంతా చెబితే వాడు ఒకటే మాట పట్టుకున్నాడు. "కానీ అత్తా, మొదట్లో బాగా ఇచ్చారు. 500 అడిగితే అయిదు నిమిషాల్లో వచ్చింది. 3,000 అడిగితే పావుగంటలో వచ్చింది. అందుకే నమ్మాను."

ఈ మాట నేను యార్డులో ఎన్నిసార్లు విన్నానో. ఎక్కడి నుంచో ఒక కొత్త వ్యాపారి వస్తాడు. మొదటిసారి 20 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొంటాడు, సాయంత్రానికి నగదు. రెండోసారి 50 టిక్కీలు, మర్నాడు పొద్దున్నే డబ్బు. మూడోసారి 100. కొట్టు యజమాని ఊరంతా అతన్ని మెచ్చుకుంటాడు. సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు లారీల కొద్దీ సరుకు ఎత్తి, వారంలో ఇస్తానంటాడు. ఆ తర్వాత వినబడేది 'ఐపీ పెట్టాడు', అంటే దివాలా తీశాడు అన్న మాట. మొదటి మూడుసార్లు టైముకి ఇచ్చిన డబ్బు నిజాయితీకి గుర్తు కాదు, పెద్ద సరుకు ఎత్తడానికి పెట్టిన పెట్టుబడి. అలాంటిచోట కూడా మనిషికి ఒక ఊరుంటుంది, ఇల్లుంటుంది, మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు ఉంటుంది, కోర్టుంటుంది. రూపాయికి పావలా అయినా రాబట్టుకున్నవాళ్లని చూశాను. వాట్సాప్ నంబరుకి ఊరెక్కడ?

అందుకే 'విత్‌డ్రా వెంటనే వస్తుందా' అన్నదాన్ని బట్టి యాప్‌ని తూచడం తప్పు. చిన్న మొత్తం వెంటనే రావడం ఏమీ చెప్పదు.

7,600 సంగతి. గెలిచినదాని మీద పన్ను ముందు మీరు కట్టండి, అప్పుడు మొత్తం వదులుతాం అని వాళ్లు రాశారు. పన్నుల పని చేసే మనిషిగా దీన్ని ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెబుతున్నాను. టీడీఎస్ అంటేనే ఇచ్చేవాడు కోసుకుని మిగతాది ఇవ్వడం. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద అది 30 శాతం. కోసినవాడికి పన్ను కోసేవాళ్లకి ఇచ్చే ట్యాన్ నంబరుంటుంది, కోసింది ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ మన పేరు మీద ఉంచే పట్టీలో కనబడుతుంది. తీసుకోవాల్సినవాడినే ముందు కట్టమని అడిగే పన్ను ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఎక్కడా లేదు. పన్ను అన్నా, వెరిఫికేషన్ ఫీజు అన్నా, వీఐపీ అప్‌గ్రేడ్ అన్నా, మన డబ్బు మనకివ్వడానికి ఎవరైనా ముందు డబ్బు అడిగారంటే ఆ డబ్బు రాదు. అడిగింది కడితే ఇంకోటి అడుగుతారు.

ఇంతవరకూ చెప్పింది దొంగ యాప్ గురించి. మావాడు వెంటనే అన్నాడు, "అయితే నిజమైనది ఏదో చెప్పు అత్తా, దాంట్లో ఆడతాను." ఆ ప్రశ్నకే నాకు రెండో ఆదివారం మొత్తం పట్టింది. ఒక్క పైసా మోసం చేయని యాప్ ఉందనుకుందాం, దాన్ని కూడా వ్యాపారిని చూసినట్టే చూద్దాం అని కాగితం తీసుకున్నాను.

బలాబలాలు సమానంగా ఉన్న మ్యాచ్ తీసుకోండి. రెండు జట్లకీ రేటు 1.90 పెడతారు. అంటే 100 పెట్టి గెలిస్తే 190 తిరిగొస్తుంది, అందులో 100 మనదే. ఇద్దరు మనుషులు చెరో జట్టు మీద 100 పెట్టారు. కంపెనీ చేతికి 200 వచ్చాయి. ఏ జట్టు గెలిచినా ఇచ్చేది 190. పది రూపాయలు వాళ్లకి మిగిలాయి. అంటే తిరిగిన డబ్బు మీద 5 శాతం. నాణెం ఎగరేస్తే బొమ్మో బొరుసో సగం సగం అయినప్పుడు నూటికి నూరు ఇవ్వాలి కదా, 90 ఇస్తున్నారు. కొట్టులో కమీషన్ ఎంతో బిల్లు మీద రాస్తారు, రైతు చూసి అడుగుతాడు. ఇక్కడ కమీషన్‌ని రేటులోనే కలిపేశారు, కనబడదు.

రేట్లు సమానంగా లేకపోతే ఎలా అని అడిగాడు. అదీ తేలికే. 1ని ఒక్కో రేటుతో భాగించి, వచ్చినవి కూడండి. ఒక జట్టుకి 1.40, ఇంకో జట్టుకి 2.75 ఉందనుకోండి. 1.40తో భాగిస్తే 0.714, 2.75తో భాగిస్తే 0.364. కూడితే 1.078. న్యాయంగా అయితే 1 రావాలి. పైన ఉన్న 0.078 వాళ్లు వేసుకున్న అదనం. ఏ సైటులో ఏ మ్యాచ్ తీసుకున్నా ఈ లెక్క వేయొచ్చు. మావాడు కాలిక్యులేటర్ తీసి, వాడు ఎప్పుడూ ఆడే మ్యాచ్‌లు ఆరింటికి వేశాడు. ఒక్కటి కూడా 1కి రాలేదు, 1కి తగ్గలేదు.

సెషన్లనే పందాలు ఇంకా గట్టివి. ఆరు ఓవర్లకి ఎన్ని పరుగులు అన్నదాని మీద 'నో 44, ఎస్ 45' అని ఉంటుంది. 45 గానీ పైన గానీ వస్తే ఎస్ అన్నవాడికి, 44 కంటే తక్కువ వస్తే నో అన్నవాడికి. సరిగ్గా 44 వస్తే ఇద్దరూ పోగొట్టుకుంటారు. ఆ సందు కంపెనీది.

మ్యాచ్ నడుస్తుండగా బాల్ బాల్‌కీ పెట్టే పందాల్లో ఇంకో సంగతి ఉంది. టీవీలో మనం చూసేది స్టేడియంలో జరిగినదానికి కొన్ని సెకన్లు వెనక. రేట్లు మార్చేవాళ్లకి సమాచారం మనకంటే ముందే అందుతుంది. మనం నొక్కిన పందాన్ని కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచుతారు, ఆలోపు వికెట్ పడితే ఒప్పుకోరు. మావాడు దీన్ని నెట్ స్లో అనుకునేవాడు.

రాత్రి మ్యాచ్ అయిపోయాక వాడు విమానం ఆట ఆడేవాడు. తెర మీద విమానం ఎగురుతూ ఉంటుంది, అంకె పెరుగుతూ ఉంటుంది, అది మాయమయ్యేలోపు డబ్బు తీసేసుకోవాలి. ఇలాంటి ఆటల్లో నూటికి 97 తిరిగి ఇస్తామని రాసి ఉంటుంది. "మూడు శాతమే కదా అత్తా, క్రికెట్ కంటే మంచిది" అన్నాడు. ఆ మూడు శాతం ఒక రోజుకి కాదు, ఒక ఆటకి. ఆట నిమిషంలోపే అయిపోతుంది. నిమిషానికి ఒకసారి 100 చొప్పున గంట ఆడితే 6,000 తిరిగినట్టు. అందులో మూడు శాతం 180. జేబులో 500 పెట్టుకుని కూర్చున్నవాడికి గంటకి సగటున 180 కోత. సంక్రాంతికి కోడి పందెం బరి దగ్గర పైపందాలు కాసేవాళ్లని చిన్నప్పటి నుంచి చూశాను. అక్కడ కోడికీ కోడికీ మధ్య టైము పడుతుంది, మనిషి కాస్త ఊపిరి తీసుకుంటాడు, ఇంట్లోవాళ్లు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళతారు. పండగ మూడు రోజులే. ఫోన్‌లో పండగ అయిపోదు. వాడి స్టేట్‌మెంట్‌లో ఎక్కువ వరసలు రాత్రి 11 నుంచి 2 మధ్యలోవి.

బోనస్ లెక్క కూడా చూశాను. 10,000 వేస్తే ఇంకో 10,000 ఉచితం. కింద నియమం, ఆ బోనస్‌కి 20 రెట్లు ఆడితేనే తీసుకోనిస్తారు. అంటే రెండు లక్షల పందాలు. దాని మీద 5 శాతం 10,000. ఇచ్చిన బోనస్ ఆడుతుండగానే వాళ్లకి తిరిగి వెళ్లిపోతుంది.

'టాప్ 10 బెట్టింగ్ సైట్లు' అని రాసేవాళ్ల సంగతి ఒక్క ముక్కలో. వాళ్ల లింకు మీద వెళ్లి మనం చేరితే వాళ్లకి డబ్బు వస్తుంది. చాలాచోట్ల మనం పోగొట్టుకున్నదాంట్లో వాటా వస్తుంది. అలాంటివాళ్లు ఇచ్చే స్టార్లని పట్టుకుని ఏదో ఒకటి మంచిదనుకోవడం ఎలా? టెలిగ్రామ్‌లో టిప్స్ ఇచ్చేవాళ్లు ఇంకో రకం. 8,000 మందిలో సగం మందికి ఈ జట్టు అని, సగం మందికి ఆ జట్టు అని పంపితే 4,000 మందికి నిజమవుతుంది. వాళ్లని మళ్లీ సగం చేస్తే 2,000, తర్వాత 1,000, తర్వాత 500. ఆ 500 మందికి వరసగా నాలుగు మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పిన మహానుభావుడు కనబడతాడు. మావాడు ఆ 500లో ఒకడు. అయిదో మ్యాచ్‌కి ఫీజు కట్టాడు.

మూడో ఆదివారం వాడి ఎదురుగా మొత్తం కూడాను. ముందు అడిగాను, "నీ లెక్కలో ఎంత పోయింది?" అని. "ఆ 38 వేలు కాకుండా ఒక యాభై, అరవై వేలు" అన్నాడు. అబద్ధం కాదు, వాడు నిజంగా అలాగే అనుకుంటున్నాడు. గెలిచిన ప్రతి రాత్రీ గుర్తుంది, వేసిన ప్రతి వెయ్యీ గుర్తులేదు.

పంపింది 3,86,450. వచ్చింది 41 సార్లలో 1,52,300. తేడా 2,34,150. అందులో వాళ్లు ఆపేసిన 38,000 తీసేస్తే ఆటలో పోయింది 1,96,150.

తర్వాత యాప్‌లో వాడి పందాల చరిత్ర తెరిపించి, పెట్టిన పందాలన్నీ కూడించాను. దాదాపు 40 లక్షలు. వాడు నమ్మలేదు, మూడుసార్లు కూడాడు. ఉన్న డబ్బే గెలిచి, మళ్లీ పెట్టి, మళ్లీ గెలిచి, మళ్లీ పెట్టి పది చుట్లు తిరిగింది. 40 లక్షల మీద 5 శాతం ఎంత అని అడిగాను. రెండు లక్షలు. పోయింది 1,96,150.

అప్పుడు వాడి మొహం చూడాలి. ఇన్నాళ్లూ దురదృష్టం అనుకున్నాడు, చివరి ఓవర్ అనుకున్నాడు, ఆ ఒక్క క్యాచ్ వదలకపోతే అనుకున్నాడు. రేటులో కలిపేసిన కోత ఎంతో అంతే పోయింది. ఈ భాగంలో వాడిని ఎవరూ మోసం చేయలేదు. 38 వేలు ఆపడం దొంగతనం. ఆ లక్షా తొంభై ఆరు వేలు మాత్రం ఎంత నిజాయితీ గల కంపెనీ అయినా తీసుకునేదే. వాడు అడిగిన 'నిజమైన యాప్ ఏది' అన్న ప్రశ్నకి నా జవాబు ఈ ఒక్క అంకె.

మా నాన్న క్లబ్బులో పేకాట ఆడేవారు. అమ్మ ఏమన్నా అంటే, రమ్మీ నైపుణ్యం గల ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందని వాదించేవారు. నిజమే, 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే ఆ తీర్పు వచ్చింది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు గురించి. అయితే అదే తీర్పులో, క్లబ్బువాడు ఆట మీద లాభం తీసుకుంటుంటే అది వేరే సంగతి అని కూడా ఉంది. నాన్న ఆ భాగం ఎప్పుడూ చెప్పలేదు. ఆట ఎలాంటిదన్న దానికంటే, పక్కన కూర్చుని కోత తీసుకునేవాడు ఎవడు, ఎంత తీసుకుంటున్నాడు అన్నదే ముందు చూడాలని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఆడటానికి అనుమతి ఉన్న దేశాల్లో ఎలా ఉందో కూడా వాడికి చూపించాను. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఉంది, లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా ఎవరైనా చూడొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో పందెం కాయకూడదు. నన్ను ఆడనివ్వకండి అని గ్యామ్‌స్టాప్‌లో ఒక్కసారి పేరు రాసుకుంటే లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ మనిషిని బయటే ఉంచాలి. మావాడు డిసెంబరు చివర యాప్ తీసేశాడు. రెండో రోజే ఆ వాట్సాప్ నంబరు నుంచి ఫోన్. 500 పాయింట్లు ఫ్రీగా వేశాం, డబ్బు లేకపోయినా పరవాలేదు, అప్పుగా ఇస్తాం, సోమవారం లెక్క చూసుకుందాం అని. మానేస్తానన్నవాడిని వదిలేస్తారా, వెంటపడతారా అన్నది ఒక్కటి చూసినా చాలు, ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. వాడు నంబరు బ్లాక్ చేసి, సిమ్ కూడా మార్చాడు.

నేను భయపడినదే జనవరిలో జరిగింది. వాడి జీతం పడే ఖాతా ఆగిపోయింది. జీతం వచ్చింది, తీయడానికి లేదు. బ్యాంకుకి వెళితే, వేరే రాష్ట్రంలో ఒక సైబర్ క్రైమ్ స్టేషన్ నుంచి నోటీసు వచ్చిందని చెప్పి ఒక ఫిర్యాదు నంబరు చేతిలో పెట్టారు. నవంబరులో వాడు విత్‌డ్రా చేసిన 12,000 ఆ టీ స్టాల్ ఖాతా నుంచి వచ్చినవి. అక్కడ ఎవరో పోగొట్టుకున్న డబ్బు ఆ ఖాతాలో పడిందట. మా అన్నయ్యకి అప్పుడు తెలిసింది. అన్నయ్య ఏమీ అనలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వదిన నాకు ఫోన్ చేసి ఏడ్చింది, నాకు ముందే తెలిసి తనకి చెప్పలేదని కూడా అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఆ డబ్బు నీకెందుకు వచ్చిందని పోలీసులు అడిగితే నిజం చెప్పాలి. నిజం చెబితే మన రాష్ట్ర చట్టం ప్రకారం ఆడటం కూడా తప్పే. ఇలాంటి ఐడీల్లో డబ్బు పోయినవాళ్లు ఎంతోమంది నోరు మెదపకపోవడానికి ఇదే కారణం, ఈ ఐడీలు ఇచ్చేవాళ్ల ధైర్యం కూడా ఇదే. అరండల్‌పేటలో ఒక వకీలు గారిని కలిశాం. ఆయన అన్నది, దాచొద్దు, స్టేట్‌మెంట్ మొత్తం ఇవ్వండి, ఉన్నది ఉన్నట్టు రాయండి అని. 38 వేల గురించి, పన్ను కట్టమన్న మెసేజ్‌ల గురించి 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మెసేజ్‌లు తుడిచేయకుండా ఉంచమని నేను మొదటి ఆదివారమే చెప్పడం మంచిదైంది. నిద్రపట్టడం లేదంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. తెలుగులో మాట్లాడారని చెప్పాడు. రెండుసార్లు చేశాడు, ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

ఇది రాయనా అని వాడినే అడిగాను. "పేరు లేకుండా రాయి అత్తా, అంకెలు మాత్రం అన్నీ రాయి" అన్నాడు.

ఖాతా ఇంకా తెరుచుకోలేదు. ఆ 12,000 వరకే ఆపి, జీతం వదలమని ఉత్తరం తయారు చేశాను. 214 వరసల స్టేట్‌మెంట్, 63 పేర్ల జాబితా, 1930 ఫిర్యాదు కాపీ జత చేశాను. మూడు సెట్లు తీయించాం. ఒకటి బ్యాంకుకి, ఒకటి ఆ స్టేషన్‌కి స్పీడ్ పోస్టు, ఒకటి మా దగ్గర. మంగళవారం పొద్దున్నే నేను విజయవాడ వెళుతున్నాను. బ్యాంకుకి ఈసారి అన్నయ్య కూడా వస్తానన్నాడు.